గుత్తిలో దొరికింది, గుత్తిది కాదు



గుత్తి అనగానే మీలో చాలామందికి కొండ మీది కోట గుర్తొస్తుంది. రైళ్లలో బాగా తిరిగేవాళ్లకి గుత్తి జంక్షను, అక్కడి డీజిల్ షెడ్డు గుర్తొస్తాయి. కానీ సాలెపురుగుల్ని ఇష్టంగా పెంచుకునేవాళ్లు కొందరున్నారు, యూరప్‌లోనూ అమెరికాలోనూ. వాళ్ల ముందు గుత్తి అనే మాట అనండి. కోటా తెలీదు, జంక్షనూ తెలీదు. వాళ్లకి తెలిసింది ఒక నీలిరంగు సాలెపురుగు. కాళ్లు చాపితే మనిషి అరచేయిని దాటిపోయేంత పెద్దది. ఒంటి మీద నూగంతా నీలం, ఆ నీలంలో లోహపు మెరుపు. కాళ్ల మీద అక్కడక్కడా పసుపు మచ్చలు. దానికి వాళ్లు పెట్టుకున్న వాడుక పేరు గుత్తి శాఫైర్, అంటే గుత్తి నీలమణి.

దాని అసలు కథ చెప్పడానికే ఇవాళ మీ ముందుకు వచ్చాను. కొత్త జాతి సాలెపురుగు దొరికిందని పేపర్లో అప్పుడప్పుడు చిన్న వార్త చూస్తుంటాం. ఎవరో పట్టుకున్నారు, ఎవరో పేరు పెట్టారు, అంతే కదా అనిపిస్తుంది. ఆ రెంటికీ మధ్య ఎంత పని ఉంటుందో, ఆ పనిలో ఒక చిన్న కాగితం ముక్క ఎంత బరువు మోస్తుందో గుత్తి సాలెపురుగు చెప్పినంత బాగా ఇంకేదీ చెప్పదని నా నమ్మకం.

1899లో రెజినాల్డ్ పోకాక్ అనే ఆయన లండన్‌లో, బ్రిటిష్ మ్యూజియం ప్రకృతి శాస్త్ర విభాగంలో పనిచేస్తున్నారు. అప్పట్లో మన దేశం నుంచి పురుగూ పుట్రా సీసాల్లోకెక్కి ఓడల మీద అక్కడికి చేరేవి. అలా వచ్చిన వాటిలో ఒక ఆడ సాలెపురుగు ఉంది. ఒకే ఒక్కటి. దానికి జోడీ మగది లేదు, దాని పిల్లలూ లేవు. పోకాక్ దాన్ని పరిశీలించి, ఇంతవరకూ ఎవరూ పేరు పెట్టని జాతి అని తేల్చి, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వర్ణన అచ్చువేయించారు. పెసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టారు. పెసిలోథీరియా అనేది ఫ్రాన్స్ దేశపు సాలెపురుగుల పండితుడు యూజీన్ సిమోన్ అంతకు ముందే, 1885లో, ఆ ప్రజాతికి, అంటే దగ్గరి జాతుల గుంపుకి, పెట్టిన పేరు. గ్రీకులో రంగురంగుల మృగం అని దాని భావం. మెటాలికా అంటే లోహపు మెరుపు కలది. ఇంటిపేరు సిమోన్‌ది, సొంత పేరు పోకాక్‌ది అనుకోండి.

సీసాతో వచ్చిన వివరంలో దొరికిన చోటు గుత్తి అని ఉంది. గుత్తి రైల్వే వాళ్లు కలప నిల్వ చేసుకునే ఆవరణలో దొరికింది అది.

తర్వాత నూట రెండేళ్లు ఆ సాలెపురుగు అడవిలో ఏ పరిశోధకుడి కంటా పడలేదు. లండన్ మ్యూజియం సీసాలో ఆ ఒక్కటే మిగిలింది. 2001లో మళ్లీ కనిపించింది. ఎక్కడ? గుత్తికి దాదాపు నూరు కిలోమీటర్ల దూరంలో, నంద్యాలకీ గిద్దలూరుకీ మధ్య నల్లమల అడవిలో.

మీలో ఆ దారిన రైల్లో వెళ్లినవాళ్లు ఉంటారు. నంద్యాల దాటాక గాజులపల్లి, ఆ తర్వాత అడవి, సొరంగం, లోయల మీద వంతెనలు, దిగువమెట్ట, అటుపైన గిద్దలూరు. ఆ రైలుదారి పంతొమ్మిదో శతాబ్దంలో వేసిందే. ఇక ఆలోచించండి. ఈ సాలెపురుగు నేల మీద బొరియలో ఉండేది కాదు. చెట్టు తొర్రలో కాపురం. అడవిలో చెట్టు కొడితే తొర్రలో ఉన్న జీవి దుంగతోపాటే బండెక్కుతుంది. ఆ దుంగ గుత్తి కలప యార్డులో దిగింది. దుంగతోపాటు సాలెపురుగూ దిగింది. అక్కడ ఎవరి కంటనో పడింది. ఇలాగే జరిగి ఉంటుందని ఈ రంగంలో వాళ్లు అనుకుంటున్నది. గుత్తి చుట్టుపక్కల ఉన్నవి బండరాళ్ల కొండలు, ఎండిన చేలు. ఇంత పెద్ద తొర్రల చెట్లు అక్కడ ఎన్నని ఉంటాయి!

చీటీ మీద గుత్తి అని రాసినవాళ్లు అబద్ధం రాయలేదు. దొరికిన చోటే రాశారు. కలప యార్డు అనే మాట కూడా మిగిలింది కాబట్టే మనం ఇవాళ ఆ దుంగ వెనక, ఆ రైలు వెనక అడవిదాకా నడిచి వెళ్లగలుగుతున్నాం. ఆ ఒక్క మాట రాయకపోయి ఉంటే గుత్తి కొండల్లో వెతికి వెతికి, అంతరించిపోయిందని చేతులు దులుపుకునేవాళ్లేమో.

ఇక అసలు పనిలోకి వద్దాం. కొత్త జాతి అని ఎలా తేలుస్తారు?

మీ ఇంట్లో కిటికీ దగ్గర చూడండి. చిన్న సాలెపురుగు ఒకటి గోడ మీద గెంతుతూ పోతుంటుంది. బియ్యపు గింజకి కాస్త పెద్దది. మీరు వేలు దగ్గరికి తీసుకెళ్తే పారిపోదు. ఆగి, ఒళ్లు తిప్పి, మీ వైపు చూస్తుంది. నిజంగానే చూస్తుంది. దాని మొహం మీద ముందు వైపు కారు హెడ్‌లైట్లలాగా రెండు పెద్ద కళ్లు ఉంటాయి. వాటికి చెరో పక్కన చిన్నవి, తల మీద ఇంకొన్ని, మొత్తం ఎనిమిది. ఆ రెండు పెద్ద కళ్లు చూడగానే ఇది గెంతే సాలెపురుగుల కుటుంబం అని చెప్పేయవచ్చు. పొలం గట్ల మీద పరుగెత్తే సాలెపురుగులకి కళ్ల అమరిక వేరు. ముందు వరసలో నాలుగు చిన్నవి, పైన రెండు పెద్దవి, ఇంకా వెనక రెండు. రాత్రిపూట టార్చి వేస్తే గడ్డిలో మంచుబిందువుల్లా మెరిసేవి వాటి కళ్లే. సాలెపురుగుని తెచ్చిన వెంటనే పరిశోధకులు చూసేది మొదట కళ్లనే. కుటుంబం తేలేది చాలావరకు అక్కడే.

కుటుంబం తేలడం సులువు. జాతి తేలడమే కష్టం. రంగు నమ్మడానికి లేదు. ఒకే జాతిలో ఒకటి గోధుమరంగులో, ఇంకొకటి నలుపులో ఉండొచ్చు. పిల్లది ఒక రంగు, పెద్దది ఒక రంగు. పైగా ఆల్కహాల్‌లో వేసిన కొన్నాళ్లకి రంగులు వెలిసిపోతాయి. అందుకే బతికుండగానే ఫోటో తీసి పెట్టుకుంటారు. మరి దేన్ని నమ్ముతారు?

పెళ్లీడుకొచ్చిన సాలెపురుగు కావాలి. మగదైతే దాని నోటి పక్కన కాళ్లలాగే కనిపించే రెండు పొట్టి అవయవాలుంటాయి. ఎదిగిన మగదానిలో వాటి కొసలు ఉబ్బి బాక్సింగు గ్లవ్సులు తొడుక్కున్నట్టుంటాయి. లోపల మెలికలు తిరిగిన సన్నని గొట్టం, దాని చివర సూదిమొన. మగది ఒక చిన్న గూడు అల్లి, దాని మీద వీర్యపు చుక్క వదిలి, ఈ గొట్టాల్లోకి సిరంజిలోకి మందు ఎక్కించినట్టు ఎక్కించుకుని, ఆడదాన్ని వెతుక్కుంటూ బయల్దేరుతుంది. ఆడదాని పొట్ట అడుగున దానికి తగ్గట్టు ఒక బిళ్ల, దాని వెనక మెలికల దారులు, చిన్న సంచులు ఉంటాయి. తాళానికి తాళంచెవి లాగా చాలా జాతుల్లో ఒకదానిది ఇంకొకదానికి సరిపడదు. కాబట్టి ఆ మెలిక ఎన్నిసార్లు తిరిగింది, మొన ఏ వైపు వంగింది, పక్కన పంటిలాంటి ముల్లు ఉందా లేదా, ఉంటే పొట్టిదా పొడుగుదా, ఇవన్నీ జాతిని పట్టిచ్చే గుర్తులు.

నేను మొదటిసారి మైక్రోస్కోపు కింద ఒక మగ సాలెపురుగు అవయవాన్ని చూసిన రోజు నాకింకా కళ్లకు కట్టినట్టుంది. చేతులు శుభ్రం చేసుకునే జెల్లు ఉంటుంది కదా, పారదర్శకంగా ఉండేది, చిన్న గాజుపళ్లెంలో అది కాస్త వేసి దానిలో ఆ అవయవాన్ని నిలబెడతారు. అర మిల్లీమీటరు వస్తువు కదలకుండా నిలబడాలి మరి. సన్నని సూదితో అటూ ఇటూ తిప్పుతుంటే తేనెరంగులో ఒక బుడ్డి, దాని చుట్టూ గడియారం స్ప్రింగులాగా నల్లటి సన్నని తీగ, ఒకటిన్నర చుట్టు తిరిగి, చివర ఇంత చిన్న కొక్కెం. ఊపిరి బిగబట్టి చూశాను. బూజుకర్రతో ఎన్నిటిని దులిపేశామో, వాటన్నిటి దగ్గరా ఇంత నగిషీ ఉందా అనిపించింది.

ఆడదాని విషయంలో ఇంకొంచెం కష్టం. ఆ బిళ్లను జాగ్రత్తగా కోసి తీసి, క్షారద్రావణంలో ఉంచితే కండ కరిగిపోయి గట్టి భాగాలు మిగులుతాయి. అప్పుడు లోపలి దారులు కనిపిస్తాయి. గుత్తి సాలెపురుగులాంటి పెద్దవాటిలో ఒక వెసులుబాటు ఉంది. పాము కుబుసం విడిచినట్టు సాలెపురుగు కూడా విడుస్తుంది. విడిచిన చర్మంలో లోపలి సంచుల పొర కూడా ఊడి వస్తుంది. ఆ చర్మాన్ని నానబెట్టి మెత్తబరిచి విప్పి చూస్తే సాలెపురుగుని ముట్టుకోకుండానే ఆడదో మగదో తెలిసిపోతుంది. బతికున్న జీవి బతికే ఉంటుంది. నాకు చాలా నచ్చే పద్ధతి ఇది.

తర్వాత కొలతలు. సాలెపురుగు కాలికి ఏడు కణుపులు. వాటిలో ఐదింటి పొడవు, నాలుగు జతల కాళ్లకీ, మిల్లీమీటరులో నూరో వంతు దాకా కొలిచి పట్టిక రాస్తారు. కళ్ల మధ్య దూరం, కోరల మీద పళ్లు, కాళ్ల మీద ముళ్లు ఎక్కడెక్కడ ఎన్ని. పెసిలోథీరియాల్లో అయితే ఇంకో ముఖ్యమైన గుర్తు కాళ్ల అడుగు వైపు ఉంటుంది. పైనుంచి చూస్తే చాలావరకు ఒకేలా కనిపించే జాతులు కూడా వెల్లకిలా తిప్పి మొదటి జత కాళ్లు, చివరి జత కాళ్లు చూస్తే విడిపోతాయి. పసుపూ నలుపూ పట్టీలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాయన్నది ఒక్కో జాతికి ఒక్కో తీరు.

ఇంత చేశాక మొదలవుతుంది పాత పుస్తకాల పని. దీనికి ఎవరూ ఇంతకు ముందే పేరు పెట్టలేదని ఎలా తెలుస్తుంది? అన్నీ చూడాలి. అన్నీ అంటే నిజంగా అన్నీ. జంతువుల పేర్ల లెక్క స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1758లో వేసిన పుస్తకంతో మొదలవుతుందని చదువుకున్నాం. సాలెపురుగులకి మాత్రం ఒక మినహాయింపు ఉంది. కార్ల్ క్లర్క్ అనే ఇంకో స్వీడన్ ఆయన అంతకు ఏడాది ముందే, 1757లో, తమ దేశపు సాలెపురుగుల మీద రంగుబొమ్మలతో పుస్తకం వేశాడు. అంత మంచి పనిని వదిలెయ్యడానికి శాస్త్రానికి మనసొప్పలేదు. అందుకని అంతర్జాతీయ నియమావళిలో ఆ పుస్తకాన్ని 1758 జనవరి 1న వచ్చినట్టుగా లెక్కవేసి, లిన్నేయస్ పుస్తకం కన్నా దానికే ముందుచోటు ఇచ్చారు. జంతువుల్లో ఈ గౌరవం సాలెపురుగులకే దక్కింది.

క్లర్క్ నుంచి ఇప్పటిదాకా లాటిన్‌లో, ఫ్రెంచిలో, జర్మన్‌లో, ఇంగ్లిషులో వచ్చిన వర్ణనలన్నీ చూడాలి. మన దేశపు సాలెపురుగులకైతే పోకాక్ 1900లో వేసిన పెద్ద పుస్తకం ఒక పునాది. ఆ తర్వాత జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో బి.కె. టికాదర్ గారు సంపుటాల మీద సంపుటాలు రాశారు. 1987లో వచ్చిన ఆయన చేతిపుస్తకం పట్టుకుని సాలెపురుగులు నేర్చుకున్న తరం మాది. ఇప్పుడు స్విట్జర్లాండులో బెర్న్ నగరపు మ్యూజియం వాళ్లు ప్రపంచంలోని సాలెపురుగు జాతులన్నిటి జాబితా నడుపుతున్నారు. అందులోకి 2022 ఏప్రిల్‌లో యాభైవేలవ జాతి చేరింది. దక్షిణ అమెరికాలో దొరికిన ఒక గెంతే సాలెపురుగు అది. క్లర్క్ పుస్తకం నుంచి యాభైవేలకి చేరడానికి రెండువందల అరవై అయిదేళ్లు పట్టింది. ఇంకా సుమారు అన్ని జాతులు పేరు లేకుండా మిగిలి ఉంటాయని పెద్దల అంచనా.

పుస్తకాలు చాలనప్పుడు మొదటి నమూనాని చూడాలి. ఏ ఒక్క సాలెపురుగుని ముందుపెట్టుకుని ఆ జాతికి పేరు పెట్టారో ఆ సాలెపురుగుని హోలోటైప్ అంటారు. దాన్ని మ్యూజియంలో భద్రపరుస్తారు. బంగారం తూకానికి సరైన రాయి ఉన్నట్టు, ఆ పేరుకి అదే ప్రమాణం. ఎప్పుడు సందేహం వచ్చినా దాని దగ్గరికే వెళ్లాలి. గుత్తి సాలెపురుగు ప్రమాణం లండన్‌లో ఉంది. నల్లమల జీవి కోసం లండన్ వెళ్లడం మనకి బాధగా ఉంటుంది. అయితే ఆ సీసాని వాళ్లు నూరేళ్లకు పైగా ఎండిపోనివ్వకుండా, ఆల్కహాల్ మారుస్తూ కాపాడారన్నది కూడా చెప్పుకోవాలి.

వీటన్నిటి తర్వాత రాత. రెండు భాగాలు ముఖ్యం. ఊళ్లో ఇద్దరు వెంకటేశ్వర్లు ఉన్నారనుకోండి. ఏ వెంకటేశ్వర్లురా అంటే, చెరువు వెనక ఇల్లు, ఎడమకాలు కుంటుతాడే, ఆయన అంటాం. వాళ్లిద్దరినీ విడదీసే ముక్క అది. దానికి కొత్త జాతి రాతలో విడిగా చోటు ఉంటుంది. దగ్గరి చుట్టాల్లో ఎవరిని పోలి ఉంది, ఏ గుర్తుతో వేరుపడుతోంది అని రెండు మూడు వాక్యాల్లో తేల్చి చెప్పాలి. ఆ తర్వాత పూర్తి వర్ణన, తలనుంచి కాలి గోరు దాకా. మొదటి ముక్క సరిగా కుదరకపోతే రెండోది ఎన్ని పేజీలున్నా లాభం లేదు. మగదాన్ని ఒక జాతిగా, ఆడదాన్ని ఇంకో జాతిగా రాసేసి, తర్వాత రెండూ ఆలూమగలని తెలిసి ఒక పేరు కొట్టేసుకున్న సందర్భాలు ఈ శాస్త్రంలో ఎన్నో. అప్పుడు ముందు పెట్టిన పేరే నిలుస్తుంది. ఇప్పుడు కాలు ముక్క ఒకటి తీసి డి.ఎన్.ఎ. కూడా చూస్తున్నారు. మంచి సాయమే. కానీ డి.ఎన్.ఎ. వచ్చిందని మైక్రోస్కోపు పక్కనపెట్టే రోజు ఇంకా రాలేదు, రాకూడదనే నా కోరిక కూడా.

పేరు పెట్టడంలో ఉన్న ఆనందం వేరు. పేరు రెండు మాటలుగా ఉండాలి, ఇంతకు ముందు వాడినది కాకూడదు. మిగతాది పెట్టేవాళ్ల మనసు. కర్ణాటక అడవిలో దొరికిన ఒక సాలెపురుగు ఎండుటాకులాగా, కొస వంగిన కోను టోపీలాగా ఉంటే, 2016లో దానికి హ్యారీ పాటర్ కథలోని మంత్రాల టోపీ తలపుకొచ్చేలా గ్రిఫిండోరి అని పేరు పెట్టారు. 2019లో ఒక గెంతే సాలెపురుగుకి సచిన్ తెందూల్కర్ పేరు పెట్టారు. నాకు అన్నిటికన్నా మనసుకి తాకింది ఐసియస్ తుకారామి. 2008 నవంబరులో ముంబై మీద దాడి జరిగినప్పుడు, తుపాకి గుళ్లు ఒంట్లో దిగుతున్నా టెర్రరిస్టు తుపాకిని వదలకుండా పట్టుకున్న పోలీసు తుకారాం ఓంబ్లే గారి పేరు అది. మహారాష్ట్రలో దొరికిన ఆ చిన్న గెంతే సాలెపురుగు 2021 నుంచి ఆయన పేరు మోస్తోంది.

మనవాళ్లకి సాలెపురుగుకి పేరు, గౌరవం ఇవ్వడం కొత్త కాదు. శ్రీకాళహస్తి అనే ఊరి పేరులో శ్రీ అంటే సాలీడే. కాళం పాము, హస్తి ఏనుగు. శివుడికి గూడు అల్లి నీడపట్టిన సాలీడుని ఊరి పేరులో మొదటి అక్షరంగా పెట్టుకున్నాం. అయినా మన అడవుల్లోని సాలీళ్ల పేర్లు మనకి తెలియవు.

గుత్తి సాలెపురుగు దగ్గరికి మళ్లీ వస్తాను. 2008లో సంజయ్ మోలూర్, మంజు సిలివాల్, బి.ఎ. డేనియల్ అనే పరిశోధకులు దాని పరిస్థితి అంచనా వేశారు. అంతర్జాతీయ ఎర్రజాబితాలో, అడవిలో అంతరించడానికి ఒక్క మెట్టు పైన ఉన్న వర్గంలో అది చేరింది. దాని ఉనికి నూరు చదరపు కిలోమీటర్ల లోపే. చెట్లు కొట్టడం ఒక ముప్పు. పెంపకందార్ల కోసం పట్టుకుపోవడం ఇంకొకటి. ఆ నీలం రంగే దానికి శత్రువైంది. ఆ నీలంలో రంగుపదార్థం లేదని మీకు తెలుసా? నూగు వెంట్రుకల్లో కంటికి కనపడనంత సన్నని పొరలూ అమరికలూ ఉండి, వెలుతురులో నీలాన్ని మాత్రం వెనక్కి కొడతాయి. 2015లో ఒక పరిశోధక బృందం ఈ సాలెపురుగు చేరిన టరాంటులాల కుటుంబంలోని ఎన్నో రకాల్ని పోల్చి చూసి, ఈ నీలం వాటిలో కనీసం ఎనిమిదిసార్లు, విడివిడిగా పుట్టిందని తేల్చింది. రాత్రి పూట తిరిగే జీవికి అంత నీలం ఎందుకో ఆలోచిస్తే నాకు నిద్రపట్టదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాన్ని దాచను. దొరికిన చోటు స్పష్టంగా రాయాలని ఇందాకటినుంచి చెబుతున్నాను. కానీ అందంగా ఉండే సాలెపురుగుని వర్ణించి, ఫలానా ఊరి పక్క ఫలానా చెట్టు అని అచ్చువేస్తే ఆ పేజీ పట్టుకుని వేటగాళ్లు దిగుతారు. అలా జరుగుతోంది కూడా. అందుకని ఇప్పుడు ఇలాంటి జీవుల విషయంలో ఖచ్చితమైన చోటు మ్యూజియం రికార్డులో రాసి, పత్రికలో జిల్లా పేరుతో సరిపెట్టాలని చాలామంది అంటున్నారు. నేను వాళ్ల పక్షమే. రాయడం మాత్రం మానకూడదు. ఎవరికి చూపించాలన్నది వేరే సంగతి.

ఈ చీటీ గొడవ నాకెందుకు ఇంత పట్టుకుందో చెబుతాను. కొన్నేళ్ల కిందట మా డిగ్రీ కాలేజీలో జువాలజీ చదివే అమ్మాయి ఒక చిన్న సీసా తెచ్చింది. ‘సార్, ఇలాంటిది మీ పుస్తకంలో ఎక్కడా లేదు సార్’ అంది. చూశాను. ఎదిగిన మగ సాలెపురుగు, గెంతే రకం. మైక్రోస్కోపు కింద పెడితే ఆ అవయవం చివర రెండుగా చీలి ఉంది. ఆ కుటుంబంలో నేను అలాంటిది చూడలేదు. చేతులు వణికాయి నాకు. ‘ఎక్కడ పట్టావమ్మా?’ అన్నాను. ‘సీసా మీద రాశాను కదా సార్’ అంది. సీసా మీద కాగితం అంటించి బాల్‌పెన్నుతో రాసింది. మూత సరిగా బిగుసుకోక ఆల్కహాల్ కారి, నీలం సిరా అంతా కరిగి మరకైపోయింది. ఆ సెలవుల్లో ఆ పిల్ల మూడు ఊళ్లు తిరిగింది. అమ్మమ్మగారి ఊరా, అక్కావాళ్ల ఊరా, మధ్యలో తిరణాలకి వెళ్లిన కొండా, తనకే తేలలేదు. ‘కొండ మీదే అనుకుంటా సార్’ అంది. అనుకుంటా అన్న మాటతో జాతి వర్ణన రాయడానికి లేదు. తప్పు ఆ పిల్లది కాదు. చీటీ సీసా లోపల వెయ్యాలనీ, పెన్సిలుతో రాయాలనీ, పెన్సిలు గీత ఆల్కహాల్‌కి చెక్కుచెదరదనీ నేను ముందే చెప్పి ఉండాల్సింది. ఆ సీసా ఇప్పటికీ నా బీరువాలో ఉంది. మూడు ఊళ్లూ తిరిగి వెతికాం. దొరకలేదు.

ఈ మాటలు వింటున్నవాళ్లలో పిల్లలుంటే, ఉపాధ్యాయులుంటే ఒక్క విన్నపం. రిజర్వు అడవుల్లో అనుమతి లేకుండా ఏ జీవినీ పట్టొద్దు. పెద్ద సాలెపురుగుల్ని చేత్తో అసలు ముట్టొద్దు, పెసిలోథీరియా కరిస్తే ప్రాణం పోదు గానీ కండరాలు రోజుల తరబడి పట్టేస్తాయి. మీ ఇంటి గోడ మీద, మీ పెరట్లో, మీ పొలం గట్టున కనిపించిన దాన్ని ఫోటో తియ్యండి, తీసిన రోజు, చోటు, ఏ మొక్క మీద ఉందో, నేలకి ఎంత ఎత్తులో ఉందో రాసిపెట్టుకోండి. రేపటి పోకాక్‌కి కావాల్సింది అదే.

ఆ అమ్మాయి ఇప్పుడు పీజీ చదువుతోంది. పోయిన సంక్రాంతి సెలవుల్లో మళ్లీ వచ్చింది. ఈసారి సీసా కాదు, మూతకి సన్నని రంధ్రాలు పెట్టిన ప్లాస్టిక్ డబ్బా. లోపల బతికున్న గెంతే సాలెపురుగు. డబ్బా లోపలే మడిచిన కాగితం, పెన్సిలు రాత. ఊరు, మండలం, చెరువుకట్ట, సీతాఫలం చెట్టు, మోకాలెత్తున ఆకు అడుగున, తేదీ, ఉదయం ఏడున్నర, తన పేరు. నేను కళ్లజోడు తీసి భూతద్దం పెట్టి చూశాను. వీపు మీద తెల్లచార తీరు పాత సీసాలో దాన్ని పోలి ఉంది. కానీ నోటి పక్కనున్న ఆ రెండు పొట్టి అవయవాల కొసలు ఉబ్బాయి గానీ ఇంకా నునుపుగానే ఉన్నాయి, లోపలి మెలికలు బయటికి రాలేదు. అంటే మగదే, ఎదగలేదు. పూర్తిగా ఎదగాలంటే ఇంకో కుబుసం విడవాలి.

‘ఎన్నాళ్లు పడుతుంది సార్?’ అంది.

‘చూద్దామమ్మా’ అన్నాను.

డబ్బా నా బల్ల మీదే ఉంది, ఎండ పడని మూల. మగ్గిన అరటిపండు ముక్క దగ్గర మూగే చిన్న ఈగల్ని పట్టి రెండు రోజులకోసారి లోపల వదులుతున్నాను, దూదితో ఒక్క నీటిచుక్క పెడుతున్నాను. నిన్న పొద్దున్నుంచి అది తిండి ముట్టలేదు. డబ్బా మూలకి చేరి తన చుట్టూ తెల్లగా, మందంగా గూడు అల్లుకుంది. కుబుసం విడిచేముందు అవి అలాగే చేస్తాయి.